మా ఊరి భారతంలో ఆట బాధ్యత నా మీద పడ్డాక

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ద్రౌపదమ్మ గుడి ఉన్న ఊళ్లు చాలా ఉన్నాయి. కొందరు ధర్మరాజుల గుడి అంటారు, రెండూ ఒకటే. కోతలయ్యి చేలు ఖాళీ అయ్యాక, ఎండలు ముదిరాక ఆ గుళ్ల దగ్గర భారతం పెడతారు. మహాభారతానికి 18 పర్వాలు, యుద్ధం 18 రోజులు, కాబట్టి మా పండగ కూడా 18 రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. ఆ నాటకాన్నే మేం ఆట అంటాం. బకాసుర వధ, అర్జున తపస్సు, దుర్యోధన వధ లాంటివి పగటిపూట, ఊరంతా కలిసి. చివరి రోజు సాయంత్రం అగ్నిగుండం, మర్నాడు ధర్మరాజు పట్టాభిషేకం.

చిన్నప్పట్నుంచీ నేనిది చూస్తూనే ఉన్నాను. చూడడమంటే చాప మీద పడుకుని, ఎప్పుడో మద్దెల గట్టిగా మోగితే కళ్లు తెరిచి, మళ్లీ నిద్రపోవడం. అలాంటి నాకు కమిటీ వాళ్లు ఆట బాధ్యత అప్పజెప్పారు. నాకేదో కళల గురించి తెలుసని కాదు. ఇన్నాళ్లూ ఆ పని చూసిన పెద్దాయనకు మోకాళ్ల నొప్పులు. నాకు బండి ఉంది, తమిళం వచ్చు. సరిహద్దు పల్లెల్లో నాటకాల జట్లతో మాట్లాడాలంటే రెండు భాషలూ కావాలి. పెద్దాయన తన పాత నోటుబుక్కు నా చేతిలో పెట్టి, "డబ్బులు కాదు అబ్బోడా, దీంట్లో ఉభయదార్ల పేర్లు చూడు. ఒక్క పేరు ముందూ వెనకా అయినా తిరునాళ్లు ఆగిపోతుంది" అన్నాడు. ఒక్కో రోజు ఖర్చు ఒక్కో ఇల్లో, ఒక్కో కులమో భరిస్తుంది. దాన్నే ఉభయం అంటాం. ఆ రోజు దేవుడి ముందు మొదటి మర్యాద వాళ్లది. కర్ణ మోక్షం ఎవరి ఉభయమో, అభిమన్యుడు ఎవరి వంతో తాతలనాడే తేలిపోయింది. ఆ బుక్కులో వరసలు మార్చే ధైర్యం ఎవరికీ లేదు, నాకసలే లేదు.

జట్టును సంక్రాంతి అయిన వెంటనే మాట్లాడుకోవాలి. వేసవి దగ్గర పడ్డాక పోతే మంచి జట్లన్నీ తాంబూలాలు పుచ్చేసుకుని ఉంటాయి. నేను పోయినప్పుడు జట్టు పెద్ద, నాటకం అయివారు, ఇంటి ముందు కూచుని భుజకీర్తులకు అద్దాలు అతికిస్తున్నాడు. పునికి చెక్కతో చేసినవి. పైన బంగారు కాగితం, అద్దం ముక్కలు. చేత్తో పట్టుకుని చూస్తే, దూరానికి కనిపించినంత బరువు లేవు. రేటు గురించి అడుగుతాడనుకున్నాను. ఆయన అడిగింది వేరే: "మీ ఊళ్లో అర్జునుడు ఎక్కే తపస్సు మాను ఎంత ఎత్తు? ద్రౌపది చీర లాగే రోజు ఏ వారం పడుతుంది? వేషాలకు గది ఉందా, కొట్టమా?" ఇవన్నీ తేలాక డబ్బు మాట రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆకూ వక్కా, అడ్వాన్సు, చివరి పది రాత్రుల ఆటల పట్టీ. ద్రౌపదీ కల్యాణం, వస్త్రాపహరణం, ఉత్తర గోగ్రహణం, కృష్ణ రాయబారం, పద్మవ్యూహం, కర్ణ మోక్షం... అన్నీ ఆయన నోటికే ఉన్నాయి. జట్టులో అందరూ మగవాళ్లే. ఒకాయన ఆటో తోలతాడు, ఇంకొకాయన తాపీ పని. ఆ తాపీ మేస్త్రీనే మా ద్రౌపది.

తర్వాత పర్మిషన్. స్టేషన్‌లో దరఖాస్తు ఇస్తే, రాత్రంతా మైకు కుదరదన్నారు. అది వాళ్లు సొంతంగా పెట్టిన అడ్డేమీ కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పండగలకని రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇస్తే 12 దాకా, అదీ ఏడాదికి 15 రోజులకు మించకూడదు. మా ఆటేమో పదింటికి గణపతి పాటతో మొదలై తెల్లారేదాకా నడుస్తుంది. ఇంతకుముందు ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. ఈసారి పక్కనే కొత్త కాలనీ వచ్చింది, ఫిర్యాదులూ వచ్చాయి. 12 కొట్టగానే మైకు ఆపుతామని సంతకం పెట్టి వచ్చాను.

కమిటీలో గగ్గోలు. మైకు లేని ఆట ఎవరు చూస్తారని ఒకరు, అయితే ఆటే వద్దు, పన్నెండింటికి ముగిసే ఆర్కెస్ట్రా పెడదామని ఇంకొకరు. కుర్రాళ్లకు అదే కావాల్సింది. అయివారికి ఫోన్ చేసి, మైకు లేకుండా ఆడగలరా అని బిక్కుబిక్కుమంటూ అడిగాను. ఆయన నవ్వి, "మా తాత మైకు మొగం చూడకుండానే పోయినాడు నాయినా. ఆయన ఆడలేదా?" అన్నాడు.

హరికథతో నాకు పెద్ద పని ఉండదనుకున్నాను. పందిరి, ఒక బల్ల, ఫ్యాను, మంచినీళ్లు, అంతే కదా అని. హరికథ చెప్పే భాగవతార్, తనది ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) సంప్రదాయమని చెప్పుకుంటాడు. పట్టుపంచె, మెడలో దండ, కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు. ఒక్క మనిషే భీష్ముడు, శకుని, ద్రౌపది. 40 డిగ్రీల ఎండలో వచ్చేదల్లా ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు. ఇంతమందికి ఇంత ఖర్చా అని నాకు మొదట్లో అనిపించింది కూడా. రెండు మూడు రోజులు కూర్చున్నాక అసలు సంగతి అర్థమైంది. రాత్రి ఏ కథ ఆడతారో ఆ కథనే మధ్యాహ్నం ఆయన నన్నయదో తిక్కనదో పద్యం ఎత్తుకుని, విడగొట్టి, మన మాటల్లో చెబుతున్నాడు. రాత్రి సగం జనం నిద్రలో తూగుతుంటారు. మూడింటికి మెలకువొచ్చినా కథ ఎక్కడుందో అందరికీ తెలుసు, ఎందుకంటే అవ్వ మధ్యాహ్నమే విని వచ్చి ఇంట్లో అన్నాలప్పుడు చెప్పేసింది. ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చే దగ్గర భాగవతార్ చిడతలు ఆపి, "తక్కినది రాత్రికి చూసుకోండమ్మా" అని మంగళం పాడేశాడు. ఆ రాత్రి నేల మీద చోటు లేదు.

విరాట పర్వం చదివితే వాన పడుతుందంటారు. ఆ రోజు ఊళ్లో పెద్దలంతా మబ్బుల కేసే చూశారు. చుక్క పడలేదు. పద్మవ్యూహం రాత్రి మాత్రం గాలి లేచి తాటాకుల పందిరి ఒక మూల ఎగిరిపోయింది. అభిమన్యుడు ఆగలేదు.

ఇక వస్త్రాపహరణం. దీనికి నేను చేసిన పని ఏంటంటే, చీరలు పోగుచేయడం. మా ఊళ్లో ద్రౌపదికి ఇచ్చే చీరలు మొక్కు తీర్చుకునేవి. ఈ ఇంటి నుంచి ఒకటి, ఆ ఇంటి నుంచి ఒకటి. ఒకదాని చెంగు ఇంకొకదానికి ముడేస్తారు. తెల్లారాక ఎవరి చీర వాళ్లకు ప్రసాదంగా ఇవ్వాలి. మారిపోతే పెద్ద గొడవ. అందుకని ప్రతి చీర అంచుకూ లోపలివైపు ఇంటిపేరు రాసిన గుడ్డముక్క పిన్ను పెట్టాను. పిన్నీసు ద్రౌపదికి గుచ్చుకుంటుందని అయివారు అవన్నీ పీకించి దారంతో కుట్టించాడు.

వేషాలకు బడిలో ఒక గది ఇచ్చాం. ఏడింటికే మొదలు. ఎవరి ముఖం వాళ్లే రాసుకుంటారు, అరచేతంత అద్దం కాలి బొటనవేళ్ల మధ్య నిలబెట్టుకుని. ముందు అర్దళం అనే పసుపురంగు పొడి పూత, దాని మీద రంగు. మా జట్టులో దుర్యోధనుడికి ఎరుపు, కృష్ణుడికి నీలం. కనురెప్పల పైన తెల్లటి చుక్కలు అగ్గిపుల్లతో పెడతారు. ట్యూబులైటు కింద ఆ ముఖాలు మరీ ముదురుగా, మోటుగా ఉన్నాయనిపించింది. కాస్త తగ్గించకూడదా అన్నాను. దుర్యోధనుడు కాటుక గీత ఆపకుండానే, "ఇది కాగడా కోసం పుట్టిన రంగు" అన్నాడు. తాపీ మేస్త్రీ ఒక మూల కూర్చుని ఉన్నాడు. ఆ రోజు ఆయనకు ఒక్కపొద్దు. సవరం వదులుగా అమర్చుకుని, రవికె ముడి వేయించుకుని, చివరికి గాజులు తొడిగించుకున్నాడు. అప్పటిదాకా "అన్నా" అని పిలిచిన కుర్రాళ్లే "అమ్మా, పోదామా" అన్నారు. ఎవరూ నవ్వలేదు.

ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటే దాని వెనకాల పాత్ర నిలబడి దరువు, అంటే తన ప్రవేశం పాట, పాడుతుంది. ముందు కిరీటం కొస, తర్వాత కాలి గజ్జెలు కనిపిస్తాయి. తెర పడేసరికి జనం లేచి నిలబడి ఉంటారు. 12 కొట్టగానే నేను సౌండు అబ్బాయికి సైగ చేశాను. బాక్సులు ఆగిపోయాయి. కాసేపు గుసగుసలు, "ఏందబ్బా ఇది" అని వెనకనుంచి కేకలు. తర్వాత చూస్తే చాపలు కదులుతున్నాయి. వెనకవాళ్లు ముందుకు జరిగారు, ముందువాళ్లు ఒత్తుకున్నారు. ఆటస్థలానికి మూడు పక్కలా జనం కట్ట కట్టినట్టయింది.

చివరిదాకా వినబడుతుందో లేదో చూద్దామని నేను దూరంగా చింతచెట్టు దగ్గరకు పోయాను. వేషగాడు ఒక చరణం పాడాడు, సగం వినబడింది. వెంటనే వెనక నిలబడిన వంతగాళ్లు అదే చరణం అందుకున్నారు, మొత్తం వినబడింది. మూడోసారి ముఖవీణ అదే వరస ఊదింది. వేషగాడు గిర్రున తిరిగి ఇటువైపొచ్చి మళ్లీ పాడాడు. ఇన్నేళ్లూ ఈ పునరుక్తి అంతా రాత్రిని సాగదీయడానికే అనుకున్నాను నేను. చదువుకున్నవాళ్లు చాలామంది అట్లాగే అంటారు, ఒక్క పాట నాలుగుసార్లు పాడతారేంటని. మైకు తీసేసి చెట్టు కింద నిలబడితే తెలుస్తుంది ఆ నాలుగుసార్లూ ఎవరి కోసమో. బఫూన్ సంగతీ అంతే. రాజు గ్రాంథికంలో ఏదో అంటే, వాడు పక్కనుంచి "అంటే మామా, జూదానికి పిలిచినావంటావు?" అని తిరగేసి అడుగుతాడు. నవ్వు కోసం అడిగినట్టే ఉంటుంది కానీ, మూల మీద కూచున్నవాడికి కథ చేరేది ఆ ప్రశ్నతోనే. లోపల ఎవరికైనా వేషం ఆలస్యమైతే సందు నింపేదీ వాడే, చదివింపులు చదివేదీ వాడే. ఈమధ్య ఫోన్‌పే స్కానర్ అట్ట మెడలో వేసుకుని తిరుగుతున్నాడు. "దుర్యోధన మహారాజా, నీ ఖజానాకు సిగ్నల్ లేదు" అంటే జనం పడిపడి నవ్వారు.

చీర లాగే ఘట్టం వచ్చింది. దుశ్శాసనుడు అప్పటిదాకా తొడలు చరుస్తూ గంతులేసినవాడు, ఒక్కసారిగా ఆగి, కిరీటం తీసి పక్కన పెట్టి, నేల మీద కర్పూరం వెలిగించాడు. ద్రౌపది వేషానికి సాష్టాంగపడి దండం పెట్టాడు. మళ్లీ కిరీటం పెట్టుకున్నాక గానీ చెంగు ముట్టుకోలేదు. కృష్ణుడిని పిలిచే పాట మొదలయ్యింది. చీర వెనక చీర వస్తూ ఉంటే ముందు వరస ఆడవాళ్లు తమ ఇంటి చీర గుర్తుపట్టి చేతులు జోడిస్తున్నారు. మైకు లేదు, ఒక్క గొంతే. చింతచెట్టు దాకా స్పష్టంగా వినబడింది, ఎందుకంటే ఇంకెవరూ మాట్లాడటం లేదు. ఆ రాత్రి విప్పిన జుట్టు దుర్యోధన వధ దాకా ముడేయరు.

అర్జున తపస్సు గురించి నాకు భయం ఎక్కువ. మా మాను యాభై అడుగులు దాటుతుంది. పైన చిన్న మంచె. అర్జునుడి వేషగాడు ఉపవాసం ఉండి, కాషాయం కట్టి, ఒక్కో మెట్టుకూ ఒక్కో పద్యం పాడుతూ ఎక్కాలి. పాశుపతాస్త్రం కోసం శివుణ్ణి వేడుకునే కథ. మెట్లంటే కొట్టిన మేకుచెక్కలే. లైన్‌మెన్ వాడే బెల్టు ఒకటి తెచ్చాను. వేషగాడు మొదట ఒప్పుకోలేదు. అర్జునుడు నడుముకు బెల్టు కట్టుకుంటాడా అన్నాడు. చివరికి అయివారే తీర్పు చెప్పాడు: మెట్ల మీద వద్దు, మంచె ఎక్కాక కాషాయం కింద కట్టుకో, ఎవరికీ కనబడదు. అట్లాగే చేశాడు. కింద బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు తడిచీరలతో మాను చుట్టూ పడుకుని ఉన్నారు. పైనుంచి నిమ్మకాయలు, విభూతి పొట్లాలు, పూలు విసురుతుంటే తోపులాట. నిమ్మకాయ పడిన చోటికి పది చేతులు. తాళ్లు కట్టించాను, వాలంటీర్లను పెట్టాను, అయినా ఒకరిద్దరికి మోచేతులు దోక్కుపోయాయి. వచ్చే ఏడు మాను చుట్టూ రెండు వరసల కంచె లేకుండా ఈ కార్యక్రమం పెట్టకూడదని నా అభిప్రాయం. కమిటీలో సగం మందికి అది నచ్చలేదు.

కుర్రాళ్ల పట్టుదల మీద ఒక రాత్రి ఆర్కెస్ట్రా పెట్టాం, కర్ణ మోక్షానికి ముందు రాత్రి. జనం బాగానే వచ్చారు. పన్నెండింటికల్లా మైదానం ఖాళీ. దాన్ని నేను తప్పు పట్టను, అది ఆ పనికి పుట్టింది. కానీ నాటకం నడక తెగిపోయింది. మర్నాడు కర్ణుడు తెర వెనక నుంచి వచ్చేసరికి జనాన్ని మళ్లీ పట్టుకోవడానికి జట్టుకు రెండు గంటలు పట్టింది. మూడు దాటాక గానీ కుదుటపడలేదు. తర్వాత కర్ణుడు నేల కూలేదాకా ఎవరూ లేవలేదు, చంటిపిల్లల తల్లులు కూడా.

దుర్యోధన వధ ఉదయం నా పని నీళ్లు, నీడ, మనుషులు. ఊరి బయట చేలో చెరువుమట్టితో దుర్యోధనుణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి ఉంటారు. మీసాలు, కిరీటం, తెరిచిన కళ్లు, అన్నిటికీ రంగులు. తొడలో ఎర్రనీళ్ల కుండ పాతిపెడతారు. రాత్రంతా ఆడిన జట్టు నిద్ర లేకుండా నేరుగా అక్కడికే వస్తుంది. తొమ్మిదింటి ఎండకు రంగు కరిగి మెడల మీదికి కారుతోంది. భీముడూ దుర్యోధనుడూ ఆ మట్టి బొమ్మ చుట్టూ, బొమ్మ మీదా ఒకరినొకరు తరుముకుంటారు. భీముడి వేషగాడికి ఆవేశం వస్తే పట్టుకోవడానికి ఇద్దరు బలమైన మనుషులు వెనకే పరుగెత్తాలి. వాళ్లకు ముందే చెప్పి ఉంచాను, పట్టుకోవాలి గానీ గద లాక్కోకూడదని. తొడ పగలగానే "గోవిందా" అని ఒక్క కేక. తాపీ మేస్త్రీ వంగి ఆ ఎర్రదనం జుట్టుకు రాసుకుని, ముడేసుకున్నాడు.

అందరూ అక్కడితో అయిపోయిందనుకుంటారు. అయిపోదు. గాంధారి వేషం వస్తుంది. అప్పటిదాకా గోవిందా అని అరిచిన జనం మధ్యలోకి ఒక ముసలి వేషగాడు తెల్లచీరతో వచ్చి, మట్టి దుర్యోధనుడి తల దగ్గర కూలబడి శోకం ఎత్తుకున్నాడు. సగం తెలుగు, సగం తమిళం. ఇళ్లల్లో చావుల దగ్గర ఆడవాళ్లు ఏడ్చే వరసే అది. మా ఊళ్లో ఆ ఏడాది ఇంట్లో మనిషి పోయినవాళ్లు ముందుకొచ్చి కూర్చుంటారు. వాళ్లతో పాటు గాంధారి ఏడుస్తుంది. ఎంతసేపన్నది వాళ్లను బట్టి ఉంటుంది. గుండానికి టైమవుతోందని కమిటీలో ఒకాయన నన్ను తొందరపెట్టాడు. నేను ఆపమని చెప్పలేదు. అయివారు కూడా అటువైపు చూడలేదు. శోకం తనంతట తాను తగ్గాక, జనం బొమ్మలోంచి చిటికెడు మట్టి తీసుకుని కొంగున ముడేసుకుని పోయారు, ధాన్యంలో వేసుకోవడానికి.

అగ్నిగుండం నా చేతిలోది కాదు. అది పూజారులు, కంకణాలు కట్టుకున్నవాళ్లు చూసుకుంటారు. కరగం, అంటే పూలతో అలంకరించిన కుండ, ముందు నడిచింది, పసుపుబట్టల వాళ్లు వెనక నడిచారు. నేను దూరం నుంచి దండం పెట్టుకున్నాను.

పట్టాభిషేకం అయిన సాయంత్రం లెక్క. అయివారు డబ్బు లెక్కపెట్టుకుని, చదివింపుల్లో మా వంతు విడిగా తీసి ఇచ్చాడు. మినీ లారీలో పెట్టెలు ఎక్కిస్తుంటే తన షరతులు చెప్పాడు, నేను నోటుబుక్కులో రాసుకున్నాను. కర్ణ మోక్షం ముందురోజు వేరే ప్రోగ్రాం ఏదీ ఉండకూడదు. వేషాల గదికి ఇంకో ఫ్యాను. చీరలకు పిన్నీసులు వద్దు. మైకు మాత్రం ఈసారి లాగే పన్నెండింటికి ఆపేయమన్నాడు, పోలీసులు అడిగినా అడగకపోయినా. వాళ్లకు అదే రాత్రి ఇంకో ఊళ్లో ద్రౌపదీ కల్యాణం. నాకింకా సౌండు వాళ్ల బాకీ, పేరుగుడ్డ ఊడిన చీరల గురించి రెండు ఇళ్ల మధ్య పంచాయితీ మిగిలి ఉన్నాయి.